తెరుచుకోని కిటికీ

పిల్లలూ, ముందు ఒక చిన్న చిక్కు ప్రశ్న.

ఒక వెబ్ పేజీ మీద రెండు బొత్తాలున్నాయి. మొదటిదాన్ని నొక్కగానే ఒక కొత్త కిటికీ తెరుచుకుంటుంది. రెండోదాన్ని నొక్కితే 10 సెకండ్లు ఆగి అదే కిటికీ తెరుచుకోవాలి. కాని 10 సెకండ్లు కాదు, 10 నిమిషాలు కూచున్నా అది తెరుచుకోదు. కిటికీ తెరవమని చెప్పే ఆజ్ఞ రెండింటిలోనూ ఒకటే. అందులో ఒక్క అక్షరం కూడా తేడా లేదు. మరి ఒకటి పనిచేసి, రెండోది ఎందుకు పనిచెయ్యదు?

దీన్ని విప్పటానికి మంత్రాలేమీ అక్కర్లేదు. పేజీ లోపల ఏం జరుగుతున్నదో చూడటం తెలిస్తే చాలు.

వెబ్ పేజీలో అక్షరాలనూ బొమ్మలనూ అమర్చటానికి ఒక భాష ఉన్నది. వాటిచేత పని చేయించటానికి మరొక భాష ఉన్నది. ఈ రెండో భాష పేరు జావాస్క్రిప్ట్. 1995 మే నెలలో, అమెరికాలోని నెట్‌స్కేప్ అనే కంపెనీలో పనిచేస్తున్న బ్రెండన్ ఐక్ అనే ఆయన దీని మొదటి రూపాన్ని కేవలం 10 రోజులలో తయారుచేశాడు. ఇవాళ మీరు బొత్తాం నొక్కితే బొమ్మ కదిలినా, ఆటలో లెక్క పెరిగినా సాధారణంగా దాని వెనక ఈ భాషే ఉంటుంది.

ఈ భాషలో బ్రౌజరు కిటికీని "విండో" అంటారు. కిటికీని తెరవమనటానికి "విండో డాట్ ఓపెన్" అనీ, మూయమనటానికి "విండో డాట్ క్లోజ్" అనీ ఆజ్ఞలు రాస్తారు. మన రెండు బొత్తాల వెనకా ఉన్నది ఆ మొదటి ఆజ్ఞే.

ఇప్పుడు లోపల చూద్దాం. మనకు పైకి కనిపించే పేజీ గడియారం ముఖంలాటిది. ముళ్లు తిరగటం అందరికీ కనిపిస్తుంది. చక్రాలు చూడాలంటే మాత్రం వెనక మూత తియ్యాలి. బ్రౌజరుకు కూడా అట్లాటి మూత ఉన్నది. కంప్యూటరు మీద క్రోమ్, ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్‌లలో ఏది తెరిచినా సరే, ఎఫ్ 12 అనే మీట నొక్కండి. లేదా కంట్రోల్, షిఫ్ట్, ఐ అనే మూడు మీటలూ కలిపి నొక్కండి. పేజీకి పక్కనో కిందనో ఒక కొత్త పలక వస్తుంది. వీటినే డెవలపర్ టూల్స్ అంటారు. అనగా, పేజీలు తయారుచేసేవాళ్ల పనిముట్లు.

పలక తెరవగానే ఒక తమాషా జరుగుతుంది. పేజీ ఇరుకైపోయి, బొమ్మలు ఒకదాని కిందికి ఒకటి జారవచ్చు. "అయ్యో, పాడుచేశాను!" అని భయపడకండి. పలక కొంత చోటు ఆక్రమించింది గనక, పేజీ తనకు మిగిలిన చోటులోనే సర్దుకున్నది. పలకలోని మూడు చుక్కల మీద నొక్కి దాన్ని విడి కిటికీగా పంపించివేస్తే, పేజీ మళ్లీ మొదటిలాగే అవుతుంది. కొలిచే పనిముట్టే కొలతను మార్చివెయ్యటం ఇట్లాటిదే. కిటికీ వెడల్పును గురించిన తప్పు వెతికేటప్పుడు ఈ సంగతి జ్ఞాపకం లేక చాలామంది గంటల తరబడి లేని తప్పు కోసం వెతుకుతారు.

మొదటి రోజులలో ఇంత సుఖం లేదు. తప్పు ఎక్కడున్నదో తెలుసుకోవటానికి, "ఇక్కడిదాకా వచ్చాను" అని చెప్పే చిన్న పెట్టెలు మధ్యమధ్య తెర మీదికి వచ్చేటట్టు పేజీలు రాసేవాళ్లు ఏర్పాటు చేసుకునేవారు. 2006లో జో హెవిట్ అనే ఆయన ఫైర్‌ఫాక్స్ బ్రౌజరు కోసం ఫైర్‌బగ్ అనే పనిముట్టు తెచ్చాడు. పేజీలోని ఏ ముక్కనయినా విప్పి చూడటం, అక్కడికక్కడే మార్చి చూడటం దానితో సులువైపోయింది. 2017లో దాని పని ముగిసింది. ఎందుకంటే, అది నేర్పిన విద్య అప్పటికే బ్రౌజర్లలో చేరిపోయింది.

పలకలో చాలా గదులున్నాయి. "ఎలిమెంట్స్" అనే గదిలో పేజీలోని ప్రతి ముక్కా కనిపిస్తుంది. ఫైర్‌ఫాక్స్‌లో దీని పేరు "ఇన్‌స్పెక్టర్". అక్కడ ఒక మాట తీసి మరొక మాట పెడితే, మీ తెర మీద పేజీ మారిపోతుంది. కాని అది మీ తెర మీద మాత్రమే. పేజీని మళ్లీ తెరిస్తే పాతదే వస్తుంది. అందుచేత ఎవరైనా తెర బొమ్మ తీసి, "చూడు, నాకు నూటికి నూరు మార్కులు!" అని చూపిస్తే, అది సాక్ష్యం కాదని మీకు తెలిసి ఉండాలి.

మనకు కావలసిన గది "కన్సోల్". పేజీ లోపల ఏదన్నా తప్పు జరిగితే ఇక్కడ ఎర్ర అక్షరాలలో కనిపిస్తుంది. పేజీ మారినప్పుడు మామూలుగా ఈ రాత అంతా తుడుచుకుపోతుంది. పోకుండా ఉండాలంటే "ప్రిజర్వ్ లాగ్" అనే గుర్తు పెట్టాలి. ఫైర్‌ఫాక్స్‌లో దాన్ని "పర్సిస్ట్ లాగ్స్" అంటారు.

ఇప్పుడు మన రెండో బొత్తాం నొక్కి, 10 సెకండ్లు ఆగుదాం. కిటికీ రాలేదు. కన్సోల్‌లో ఎర్ర గీత వచ్చింది. "నల్ నుంచి ఫోకస్ అనేదాన్ని చదవలేను" అన్నది దాని అర్థం. నల్ అంటే శూన్యం. ఫోకస్ అంటే కిటికీని ముందుకు తెచ్చే ఆజ్ఞ. ఈ పేజీ రాసినవాడు, కిటికీ తెరిచాక దాన్ని అందరి ముందుకూ తెమ్మని కూడా రాసిపెట్టాడన్నమాట.

ఈ గీత చూసి చాలామంది ఫోకస్ అన్న చోటే తప్పున్నదనుకుంటారు. అది పొరపాటు. విండో డాట్ ఓపెన్ అన్న ఆజ్ఞ కిటికీని తెరిస్తే, ఆ కిటికీని మన చేతికి ఇస్తుంది. తెరవనివ్వకపోతే శూన్యాన్ని చేతిలో పెడుతుంది. లేని కిటికీని ముందుకు తెమ్మంటే ఎవరు తేగలరు? బావిలో నీరు లేకపోతే బొక్కెనను తిట్టి లాభమేమిటి? ఎర్ర గీత కనిపించిన చోట ఆగక, దానికి ముందు ఏం జరిగిందో చూడాలి. ఆ చూపు పైకి తిప్పితే అసలు సంగతి కనిపిస్తుంది. చిరునామా గీత దగ్గర, "ఒక కిటికీని ఆపివేశాము" అని బ్రౌజరు చిన్న గుర్తు కూడా పెట్టి ఉంటుంది.

అయితే ఇక్కడొక పెద్ద వింత ఉన్నది. అదే ఆజ్ఞను కన్సోల్‌లో మీరు స్వయంగా టైపు చేసి ఎంటర్ నొక్కారనుకోండి. క్రోమ్‌లో కిటికీ టక్కున తెరుచుకుంటుంది! పేజీ అడిగితే కాదన్న బ్రౌజరు, మీరు అడిగితే ఎట్లా ఒప్పుకున్నది?

జవాబు ఆ ప్రశ్నలోనే ఉన్నది. అడిగింది మీరు గనకనే ఒప్పుకున్నది.

దీని వెనక ఒక కథ ఉన్నది. 1990ల చివర అమెరికాలో ట్రైపాడ్ అనే వెబ్ కంపెనీ ఉండేది. ఎవరికి వాళ్లు సొంత పేజీలు పెట్టుకోవటానికి అది చోటిచ్చేది. వాటి మీద ప్రకటనలు వేసి డబ్బు సంపాదించేది. తన ప్రకటన ఒక అసభ్యమైన పేజీ మీద కనిపించిందని ఒక కార్ల కంపెనీ కంగారుపడింది. ప్రకటనకూ పేజీకీ సంబంధం లేనట్టు కనిపించాలని, ట్రైపాడ్‌లో పనిచేసే ఈథన్ జుకర్‌మన్ ప్రకటనను విడి కిటికీలో తెరిచే ఆజ్ఞలు రాశాడు. ఆ తరవాత ఈ పద్ధతి వెబ్ అంతటా పాకిపోయింది. ఒక పేజీ తెరిస్తే పిలవని పేరంటంలాగా నాలుగు కిటికీలు వచ్చి పడేవి. ఒకటి మూస్తే రెండు తెరుచుకునేవి. 2014లో జుకర్‌మన్ ఈ కథంతా తానే రాసి, అందరికీ క్షమాపణ చెప్పుకున్నాడు.

జనం విసిగిపోయారు. బ్రౌజర్లు ఈ కిటికీలను అడ్డుకోవటం మొదలుపెట్టాయి. 2004లో మైక్రోసాఫ్ట్ కూడా తన విండోస్ ఎక్స్‌పీకి పంపిన రెండో సర్వీస్ ప్యాక్‌తో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరులో ఈ కాపలా పెట్టింది.

కాపలావాడి నియమం చాలా సులువైనది. మనిషి చెయ్యి కదిలితేనే కిటికీ తెరుచుకోవాలి. మీరు బొత్తాం నొక్కగానే, "యజమాని ఏదో కోరాడు" అని బ్రౌజరు గుర్తుంచుకుంటుంది. ఆ గుర్తు కొద్ది సెకండ్లే ఉంటుంది. క్రోమ్‌లో అది సుమారు 5 సెకండ్లు. ఒక నొక్కుడుకు ఒక కిటికీయే. మొదటి బొత్తాం వెంటనే అడిగింది గనక గెలిచింది. రెండోది 10 సెకండ్లు ఆగి అడిగింది. అప్పటికి గుర్తు చెరిగిపోయింది. ఇక కన్సోల్‌లో ఎంటర్ నొక్కింది మీ వేలే గనక, క్రోమ్ దాన్ని మీ కోరికగానే లెక్కవేసింది. కన్సోల్‌లో పనిచేసింది గదా అని, పేజీలో కూడా పనిచేసి తీరాలనుకోవటానికి వీల్లేదన్నమాట.

మరి రెండో బొత్తాన్ని బాగుచెయ్యటం ఎట్లా? బొత్తాం నొక్కగానే ఖాళీ కిటికీ తెరిచి ఉంచి, 10 సెకండ్ల తరవాత అందులో చూపించవలసినది చూపించాలి. లేదా, "సిద్ధంగా ఉన్నది, చూడండి" అని ఇంకొక బొత్తాం పెట్టి, మీచేత మళ్లీ నొక్కించుకోవాలి. కాపలావాడితో పోట్లాడనక్కర్లేదు. యజమానిని అడిగితే చాలు.

ఈ నియమం తెలిస్తే మరి కొన్ని చిక్కులు కూడా విడిపోతాయి. మీరే తెరిచి, అందులో నాలుగు పేజీలు తిరిగిన కిటికీని ఒక పేజీ విండో డాట్ క్లోజ్ అని మూయబోతే అది మూసుకోదు. పేజీ తాను తెరిచిన కిటికీనే తాను మూయవచ్చు. మీరు తెరిచినదాన్ని మీరే మూయాలి. కిటికీని పెద్దదిగానో చిన్నదిగానో చెయ్యటానికి కూడా ఇట్లాటి నియమమే ఉన్నది. ఒకప్పుడు పేజీలు కిటికీని తెర అంతా గెంతులు వేయించేవి. ఇప్పుడు మీరు తెరిచిన కిటికీతో ఆ ఆటలు సాగవు.

ఇంకొక చిక్కు చూడండి. సెకండుకు ఒక అంకె చొప్పున లెక్కపెట్టే గడియారం ఒక ట్యాబ్‌లో ఉన్నది. మీరు వేరే ట్యాబ్‌కు వెళ్లి, పావుగంటకు తిరిగి వచ్చారు. గడియారం వెనకబడి ఉన్నది! మీరు చూడని పేజీ కోసం కరెంటూ బ్యాటరీ ఖర్చు కాకుండా, కనపడని ట్యాబ్‌లను బ్రౌజరు నెమ్మది చేస్తుంది. 2021లో వచ్చిన క్రోమ్ 88 నుంచి, 5 నిమిషాలకు పైగా మరుగున ఉన్న పేజీ గడియారాలను చాలా సందర్భాలలో నిమిషానికి ఒకసారే మేలుకొలుపుతున్నది. పాట పాడుతున్న పేజీని మాత్రం అట్లా నిద్రపుచ్చదు. తెలివైన గడియారం టిక్కులు లెక్కపెట్టుకుంటూ కూచోదు. మేలుకున్నప్పుడల్లా అసలు సమయం ఎంతో కంప్యూటరును అడిగి తెలుసుకుంటుంది.

చూశారా? ఇన్ని చిక్కులలోనూ పాడైపోయిన వస్తువు ఒక్కటీ లేదు. ప్రతిచోటా మీ తరఫున కాపలా కాస్తున్న నియమమే ఉన్నది. కాబట్టి ఏదన్నా పనిచెయ్యకపోతే ముందు ఎర్ర గీతను నిదానంగా చదవండి. తరవాత ఒకసారికి ఒక్క సంగతే మార్చి చూడండి. రెండు సంగతులు ఒకేసారి మారిస్తే, దేనివల్ల బాగుపడిందో మీకే తెలియదు.

చివరకు ఒక ముఖ్యమైన సంగతి. కన్సోల్‌లో మీరు చెప్పినదాన్ని బ్రౌజరు మీ మాటగానే నమ్ముతుంది. ఈ సంగతి దొంగలకు కూడా తెలుసు. "ఎఫ్ 12 నొక్కి ఈ నాలుగు గీతలు అంటించు, ఆటలో వెయ్యి నాణేలు వస్తాయి" అని వాళ్లు ఆశపెడతారు. అట్లా అంటించిన గీతలు మీ పేరుతోనే మీ ఉత్తరాలు చదవవచ్చు, మీ ఖాతాను ఇంకొకరి చేతిలో పెట్టవచ్చు. అది దొంగకు మనమే తాళంచెవి ఇచ్చి దీపం చూపించటం. అందుకనే క్రోమ్, ఫైర్‌ఫాక్స్ కన్సోల్‌లో మొదటిసారి ఏదన్నా అంటించబోతే హెచ్చరించి ఆపుతాయి. ఫేస్‌బుక్ తన పేజీ కన్సోల్‌లో "ఆగండి!" అని పెద్ద అక్షరాలలో రాసిపెట్టింది.

కాపలావాడు ఎంత గట్టివాడైనా యజమాని మాట కాదనడు. అందుచేత ఇతరులు ఇచ్చిన గీతలు అర్థం కాకుండా ఎన్నడూ అంటించకండి. మీరు స్వయంగా రాసి, అర్థం చేసుకున్న గీతలతో మాత్రం ఎన్ని కిటికీలయినా తెరిచి చూడండి.