చూస్తోంది సరే... ఎలా చూస్తోంది?

‘పాపకు కళ్లు బాగా కనిపిస్తున్నాయా?’ అని అడిగితే ఏ తల్లయినా ‘కనిపించకేం, చక్కగా చూస్తుంది’ అంటుంది. అదే ప్రశ్నను కాస్త మార్చి ‘నువ్వు మాట్లాడకుండా ఎదురుగా కూర్చుంటే నీ ముఖంలోకి చూస్తుందా?’ అంటే... ఒక్క క్షణం ఆలోచిస్తుంది. వైద్యులకు కావాల్సింది ఆ ఆలోచనే!

నెలల పిల్లలు గోడకు తగిలించిన అక్షరాల పట్టీని చదవలేరు. పరీక్ష చేద్దామంటే ఏడుస్తారు, లేదంటే నిద్రపోతారు. కానీ, రోజంతా ఒళ్లో పెట్టుకునే అమ్మకు వాళ్ల ప్రతి కదలికా తెలుసు. అందుకే 2014లో స్పెయిన్ పరిశోధకులు రెండేళ్లలోపు పిల్లల కోసం ‘ప్రివియాస్’ అనే 30 ప్రశ్నల జాబితాను ముందుకు తెచ్చారు. జవాబులు చెప్పాల్సింది పెంచేవాళ్లే. ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లో చూపు ఏ వయసుకు ఎంత ఎదుగుతుందో తెలిస్తే, వెనకబడినవాళ్లను త్వరగా గుర్తించొచ్చన్నది ఆలోచన.

ఈ పద్ధతి విలువ భద్రాచలం అడవి అంచున ఇంకా బాగా తెలుస్తుంది. దుమ్ముగూడెం, చర్ల మండలాల్లోని మారుమూల కోయగూడెం నుంచి కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలంటే ఆ రోజు కూలి పోయినట్లే. వానాకాలంలో వాగు పొంగితే ఆ దారీ ఉండదు. గడప దాకా వచ్చేది ఆశా కార్యకర్తే. బిడ్డ పుట్టాక 42 రోజుల్లోపు ఆమె పలుమార్లు ఇంటికి రావాలి. ఆ తర్వాత 3, 6, 9, 12, 15 నెలల్లోనూ వెళ్లాలన్నది 2018లో మొదలైన కార్యక్రమం నియమం. ఆ రాకల్లో చూపు గురించి నాలుగు ప్రశ్నలు అడగడానికి పైసా ఖర్చుండదు.

అయితే, ప్రశ్న అమ్మ భాషలో ఉండాలి. ఇంట్లో కోయ మాట్లాడే తల్లిని ‘దృష్టి కేంద్రీకరిస్తుందా’ అనడిగితే తలూపడం తప్ప ఏం చేస్తుంది? చప్పుడుతోనూ జాగ్రత్త అవసరం. గిలక్కాయ ఆడిస్తే పాప తల తిప్పింది... అది వినికిడి, చూపు కాదు. చప్పుడు చేయని రంగు గుడ్డను కదిపి చూడాలి.

ఇంట్లోనే గమనించొచ్చు. అప్పుడే పుట్టిన బిడ్డకు జానెడు, జానెడున్నర దూరంలోని ముఖం మసకగా తెలుస్తుంది. రెండో నెలలో కళ్లలోకి చూసి నవ్వుతుంది. మూడు నెలలకు కదిలేదాని వెంట చూపు తిప్పుతుంది. అయిదారు నెలలకు కనిపించినదాన్ని అందుకోబోతుంది. మొదట్లో అప్పుడప్పుడూ మెల్ల కనిపించడం మామూలే. నాలుగు నెలలు దాటినా ఉంటే ‘మెల్లకన్ను అదృష్టం’ అని సరిపెట్టుకోకూడదు. కంటిపాపలో తెల్లగా మెరిస్తే మాత్రం ఒక్క రోజు కూడా ఆగొద్దు.

ఎందుకింత తొందర? చూడటం మెదడు నేర్చుకునే విద్య. పుట్టుకతో వచ్చిన శుక్లం దారికి అడ్డుపడితే ఆ చదువు ఆగిపోతుంది. మొదటి రెండు నెలల్లో ఆపరేషన్ జరిగితే ఫలితం బాగుంటుంది. ఏళ్ల తర్వాత శుక్లం తీసినా పూర్తి చూపు రాకపోవచ్చు.

ప్రశ్నలతోనే అంతా తేలదు. ఒక కన్ను దెబ్బతిన్నా రెండోది పని నెట్టుకొస్తుంది, అమ్మకు తేడా తెలియదు. అందుకే డాక్టరు ఒకసారి కంట్లోకి లైటు వేసి చూడాల్సిందే. రెండు కిలోలలోపు బరువుతోనో, 34 వారాల్లోపో పుట్టినవాళ్లకు నెలలోపు రెటీనా పరీక్ష తప్పనిసరి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు అంగన్‌వాడీలకు వచ్చినప్పుడూ అనుమానం చెప్పొచ్చు. కాకపోతే, నెలల బిడ్డ విషయంలో వాళ్లొచ్చేదాకా ఎదురుచూడకూడదు. ‘నా వైపు చూడట్లేదు’ అని తల్లి అందంటే ‘పెద్దయితే అదే సర్దుకుంటుందిలే’ అనకుండా వినాలి. ఆ రోజు కూలి పోయినా ఫర్లేదు... చూపు పోతే తిరిగి రాదు!