డిస్కు పోయిందన్న కబురు ఎవరికి చేరాలి?

రెయిడ్ 1లో రెండు డిస్కుల మీదా ఒకే సమాచారం ఉంటుంది. ఒకటి పాడైనా సర్వర్ ఆగదు, ఫైళ్లు తెరుచుకుంటూనే ఉంటాయి. అందుకే ఆ సంగతి ఎవరి కంటా పడదు. రెండోదీ పోయాక గానీ, మొదటిది ఎప్పుడో పోయిందని బయటపడదు. రెయిడ్ 5 అయినా ఒక్క డిస్కు నష్టాన్నే తట్టుకుంటుంది. కాబట్టి రెయిడ్ పెట్టడం సగం పనే, కబురు మనిషికి చేరేలా చూడటం మిగతా సగం.

లినక్స్ సాఫ్ట్‌వేర్ రెయిడ్‌ను నడిపే ఎండీఆడమ్‌కు మానిటర్ అనే కాపలా పద్ధతి ఉంది. డిస్కు చెడితే అది 'ఫెయిల్' అంటుంది. తాను మొదటిసారి చూసేసరికే అర్రేలో, అంటే రెయిడ్‌గా కలిపిన డిస్కుల గుంపులో, లోటుంటే 'డీగ్రేడెడ్ అర్రే' అంటుంది. దాని కాన్ఫిగ్ ఫైల్లో 'మెయిల్‌అడర్' అన్న వరుసలో రాసిన చిరునామాకు ఉత్తరం పంపుతుంది. అక్కడ ఒక్క చిరునామాకే చోటు. ఉద్యోగం మారిపోయే మనిషిది కాక, బృందం మొత్తానిది రాయడం మంచిది. సర్వర్లో మెయిల్ పంపే ఏర్పాటే లేకపోతే ఆ ఉత్తరం గడప దాటదు.

కబురు మనకు కావలసిన తీరులో రావాలంటే 'ప్రోగ్రామ్' అన్న వరుసలో మన స్క్రిప్టు పేరు రాయాలి. ఏం జరిగింది, ఏ అర్రేలో, అవసరమైతే ఏ డిస్కులో అన్నవి దానికి అందుతాయి. మెయిల్ కొన్ని ఘటనలకే వెళ్తుంది, స్క్రిప్టు మాత్రం అన్నిటికీ నడుస్తుంది. అందుకే జల్లెడ పట్టాలి: ఫెయిల్ అయితే వెంటనే ఫోనుకు, రీబిల్డ్ మొదలైతే లాగ్‌లోకి. ప్రతిదానికీ ఫోను మోగితే, అసలైనది మోగిన రోజున ఎవరూ చూడరు.

సందేశంలో సర్వర్ పేరుతో పాటు డిస్కు సీరియల్ నంబరు కూడా ఉండాలని నేను గట్టిగా చెబుతాను. ఎస్‌డీఏ, ఎస్‌డీబీ వంటి పేర్లు రీబూట్‌తో మారిపోవచ్చు. సీరియల్ నంబరు డిస్కు మీదే అచ్చై ఉంటుంది. అది లేకపోతే, కంగారులో బాగున్న డిస్కును బయటికి లాగేసే ప్రమాదముంది. చెడిపోయిన డిస్కు ఒక్కోసారి ప్రశ్నకు బదులే ఇవ్వదు. అందుకని నంబర్లన్నీ ముందే రాసి పెట్టుకోవాలి.

మానిటర్‌కు 'టెస్ట్', 'వన్‌షాట్' ఆప్షన్లు ఇస్తే ప్రతి అర్రేకూ ఒక 'టెస్ట్ మెసేజ్' పుడుతుంది. ఫెయిల్‌కు మాత్రమే స్పందించేలా స్క్రిప్టు రాస్తే ఈ పరీక్షకు అది పలకదు. కాబట్టి ఈ పేరునూ అందులో చేర్చాలి. ఇక ఫెయిల్ దారిని పరీక్షించాలంటే, ఏ డేటా లేని చిన్న అర్రే ఒకటి కట్టి, అందులోని డిస్కును ఎండీఆడమ్‌తోనే చెడినట్టు గుర్తు పెట్టించి, ఫోను మోగుతుందేమో చూడాలి.