వీధి చివరి హోటలు

గుంటూరు, ప్రకాశము జిల్లాల మైదానములలో ఏ పట్టణమునకు పోయినను బస్సులు నిలుచు చోటనో, మిరప యార్డు వాకిటనో, కోర్టు కచేరి ఎదుటనో ఒక చిన్న హోటలు కనబడును. నాలుగు బల్లలు, ఒక పెనము, ఒక ఇడ్లీపాత్ర, ఒక గల్లాపెట్టె, ఇంతియే దాని ఆస్తి. తెల్లవారకముందే అందు పొయ్యి వెలుగును. ప్రొద్దెక్కునప్పటికి ఇడ్లీలు చెల్లిపోవును. మధ్యాహ్నమునకు విస్తళ్లు పడును. బస్తాలు మోయు హమాలీలు, అద్దెగదులలో నుండి చదువుకొను విద్యార్థులు, వ్యాజ్యములకై వచ్చిన రైతులు, ఒంటరిగా నున్న వృద్ధులు దానిపై ఆధారపడి యుందురు.

ఇట్టి వ్యాపారము ఆంధ్రదేశమునకు క్రొత్తది కాదు. హోటలు అను మాట రాకముందు దీనిని పూటకూళ్ల యిల్లు అనెడివారు. వినుకొండ వల్లభరాయని పేర ప్రసిద్ధమైన క్రీడాభిరామమునందు ఓరుగల్లు నగరములోని పూటకూటి యింటి వర్ణనము కలదు. అచట ఒక రూకకు కడుపునిండ భోజనము లభించెడిదట. అన్నము పెట్టుట పుణ్యమనియు, దానిని అమ్ముట తగదనియు పెద్దలు తలచిన కాలమున సైతము పూటకూళ్ల యిండ్లు నడచినవి. బాటసారికి వానితో పని యుండెను. వానిని నడుపువారికి, ముఖ్యముగా భర్తను కోల్పోయి చేతివంటను మాత్రమే నమ్ముకొన్న స్త్రీలకు, వేరు జీవనాధారము లేకుండెను.

భోజనమును ఇంటికి తీసికొనిపోవుటయు పాత అలవాటే. అంతస్తుల క్యారేజీలో అన్నము, పప్పు, కూర, పులుసు వేరువేరుగా పెట్టించుకొని తెచ్చుకొనుట మూడు తరముల వారికి తెలిసిన పద్ధతి. కాకినాడలో సుబ్బయ్య హోటలువారి బుట్టభోజనము దూరప్రాంతముల వారికి గూడ తెలిసినది. నేడు జనులు దీనిని పార్సిలు అనుచున్నారు. సుఖకాలమున పార్సిలు ఒక సౌకర్యము మాత్రమే. గడ్డుకాలమున అది హోటలుకు ఎట్లు ప్రాణాధారమగునో తెలియవలెనన్నచో దాని జమాఖర్చులు కొంత చూడవలెను.

ఒక చిన్న హోటలులో దినమునకు 6,000 రూపాయల అమ్మకము జరుగుననుకొందము. అందు బియ్యము, పప్పు, నూనె, కూరగాయలు, గ్యాసు మొదలగు వానికి 3,000 పోవును. వంటవానికిని, వడ్డించువానికిని, గిన్నెలు తోమువారికిని కూలి 1,500. ఇంటి అద్దె, కరెంటు, అప్పుపై వడ్డీ కలిపి రోజునకు 600. యజమానికి మిగులునది 900. ఇప్పుడు హోటలు మూతపడినదనుకొందము. సరకులు కొననక్కరలేదు. కూలి ఇయ్యనక్కరలేదు, అనగా పనివారు పస్తులుందురు. కాని ఆ 600 రూపాయలు ఆగవు. నెల తిరుగునప్పటికి 18,000 రూపాయల అప్పు తలపై నిలుచును. మూడు నెలలు గడచిన తరువాత తలుపు తెరచుటకు ధైర్యమే యుండదు.

ఇరుగుపొరుగువారు పార్సిళ్లు కొనుటచే మూడవవంతు అమ్మకము, అనగా 2,000 రూపాయలు, వచ్చినదనుకొందము. అందు సరకులకు 1,000 పోగా 1,000 మిగులును. అద్దెకు, కరెంటుకు, వడ్డీకి 600 కట్టి, తక్కిన 400 ఒక వంటవానికి ఈయవచ్చును. యజమాని చేతికి దమ్మిడీ రాదు. అయినను అప్పు పెరుగలేదు, పొయ్యి చల్లారలేదు, పాలవాడు, కూరలవాడు, విస్తరాకులు కుట్టి తెచ్చువాడు దారి మరచిపోలేదు. పార్సిలు చేయగల మేలు ఇంతమాత్రమే. ఇది స్వల్పమని తోచవచ్చును గాని మూతపడిన హోటలుకును, తెరచియున్న హోటలుకును భేదము ఈ స్వల్పముననే యున్నది.

పూర్వము ఈ సీమకు వచ్చిన కష్టకాలము వేరు విధమైనది. 1832–33 సంవత్సరములలో గుంటూరు మండలమున వచ్చిన క్షామమును జనులు డొక్కల కరవు అనిరి. మండలములోని అయిదు లక్షల జనములో సుమారు రెండు లక్షలమంది మరణించిరని చెప్పుదురు. ఆనాడు తినువారుండిరి, తిండి లేదు. 2020లో కోవిడు వ్యాధి వచ్చినప్పుడు తిండి యుండెను; తినువారు రాకూడదు. గాదెలలో ధాన్యము, తోటలలో కూరలు ఉండగనే హోటళ్ల ముందర నిశ్శబ్దము ఏర్పడెను.

2020 మార్చి 25 నుండి దేశమంతటను రాకపోకలు నిలిచినవి. మే 18 నుండి అమలైన కేంద్ర ప్రభుత్వపు ఉత్తరువులో భోజనశాలలు వంట చేసి ఇండ్లకు పంపుటకు అనుమతి కలిగెను. జూన్ 8 నుండి వ్యాధి సోకిన ప్రాంతములు తప్ప తక్కినచోట్ల కూర్చుండి తినుటకు వీలు చిక్కెను. కాని సగము ఆసనములకు మించి నింపరాదనియు, పార్సిళ్లనే ప్రోత్సహింపవలెననియు నిబంధన. మరుసటి యేడు రెండవ విజృంభణమున ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము మే 5 నుండి మధ్యాహ్నము 12 గంటలు మొదలు మరునాటి ఉదయము 6 గంటల వరకు కర్ఫ్యూ విధించెను. ఇడ్లీ అమ్మువానికి ఉదయము మిగిలినది. భోజనము పెట్టువానికి భోజనవేళయే పోయినది.

ఒంగోలునకు సమీపమున సముద్రతీరముననున్న కొత్తపట్నము వంటి చోట్ల చిక్కు మరింత చిత్రమైనది. 1937లో వేసవి రాజకీయ పాఠశాల నిషేధమునకు గురియైన ఊరుగా చరిత్రలో దీనికి పేరు కలదు. నేడు సెలవు దినములలో ఒంగోలు నుండి జనులు సముద్రస్నానమునకు వత్తురు. తీరమున తినుబండారములు అమ్ముకొనువారికి వారి రాకయే పంట. 2020 వేసవిలో ఆ రాక నిలిచెను. అదే కాలమున చేపలు గ్రుడ్లు పెట్టు ఋతువని యేటేట విధించు వేట నిషేధము కూడ వచ్చెను. సాధారణముగా అది ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 దినములుండును. జాలరుల కష్టమును చూచి ఆ యేడు మే 31తో ముగించిరి. మరపడవకు వేట లేదు, తీరమునకు జనము లేదు, అంగడికి బేరము లేదు. తీరమున నున్నవారు ఒకరికొకరు బేరగాండ్రు. అట్టిచోట ఒకని చేతిలో డబ్బు ఆగినచో అది అందరి చేతులలోను ఆగును.

ఇరుగుపొరుగు హోటళ్లను నిలుపుటకు ఇతర దేశములలో చేసిన ప్రయత్నములు రెండు చెప్పదగినవి. అమెరికాలో 2020 మార్చి 24న ప్రజలందరును ఆ దినమున ఒక పూటయైనను హోటలునుండి భోజనము తెప్పించుకొనుడని ఒక ఉద్యమము నడపిరి. బ్రిటనులో ప్రభుత్వమే ఆగస్టు నెలలో సోమ, మంగళ, బుధవారములలో భోజనపు ఖరీదులో సగము, మనిషికి 10 పౌనుల వరకు, తాను చెల్లించెను. కాని ఆ రాయితీ లోపల కూర్చుండి తిన్నవారికే. పార్సిలు కట్టించుకొన్నవారికి లేదు. హోటళ్లు నిండినవి గాని, దానివలన వ్యాధి కొంత పెరిగినదని తరువాత పరిశోధకులు తేల్చిరి. వ్యాధికాలమున పార్సిలునకే రాయితీ ఇచ్చియుండిన తెలివిగా నుండెడిది.

ఇచట ఒక మెలిక కలదు. పార్సిలును ఫోనులోని కంపెనీల ద్వారా తెప్పించుకొన్నచో ఆ కంపెనీ హోటలునుండి కమీషను తీసికొనును. అది సాధారణముగా నూటికి 20 రూపాయలకు అటునిటుగా నుండును. పై లెక్కలో 2,000 రూపాయల అమ్మకముపై 400 పోయినచో వంటవాని కూలి ఎగిరిపోవును. నడచిపోగల దూరమున నున్న హోటలునకు తామే పోయి తెచ్చుకొన్నచో ఆ సొమ్ము వీధిలోనే యుండును. అయితే ఆ కంపెనీల పనిలో వానలో ఎండలో బండి నడపు యువకులకును కడుపు కలదు. కదలలేని రోగికిని వృద్ధునికిని వారే దిక్కు. కావున దీనిలో ఒక్కటే న్యాయమని చెప్పుటకు వీలులేదు.

పార్సిలు అందరిని నిలుపలేదు. విస్తరి వేసి వడ్డించువానికి పార్సిలులో పని లేదు. పనులు లేక కూలివారి చేతిలోనే డబ్బు లేనప్పుడు వారు కొనలేరు. హమాలీలు తిను హోటలును హమాలీలు లేని దినమున ఎవరు నిలుపుదురు? ఇందులకే ప్రభుత్వములు పూనుకొనవలసి వచ్చెను. కేంద్రము 2020 జూన్ నెలలో వీధి వ్యాపారులకు 10,000 రూపాయల అప్పు ఇచ్చు స్వనిధి పథకమును ఆరంభించెను. అదే యేడు నవంబరులో రాష్ట్రము చిరువ్యాపారులకు అంతే మొత్తమును వడ్డీలేని అప్పుగా ఇచ్చు జగనన్న తోడు పథకమును ప్రవేశపెట్టెను.

ఇక వంటల మాట. అన్ని వంటకములును పార్సిలునకు ఓర్చుకొనవు. పెనముమీది నుండి దిగిన దోసె పొట్లములో పది నిమిషములకే మెత్తబడి తన గౌరవమును పోగొట్టుకొనును. పూరీ అంతకంటె అల్పాయువు. పులిహోర, గోంగూరపచ్చడి, ముద్దపప్పు ఎంత దూరమైనను చెడక వచ్చును. తెలివిగల హోటలువారు గడ్డుకాలమున దోసెలు తగ్గించి ఇట్టివి పెంచుదురు. వేడి సాంబారును పాలితీను సంచిలో పోయించుకొనుట, ఇడ్లీలను వార్తాపత్రికలో చుట్టించుకొనుట ఆరోగ్యమునకు మంచిది కాదు. అచ్చుసిరా ఆహారమున కలియునని ఆహార భద్రతా సంస్థ 2016లోనే హెచ్చరించినది. ఇంటి క్యారేజీ తీసికొనిపోయినచో హోటలువానికి డబ్బాల ఖర్చును మిగులును. పల్చని రసమునకు క్యారేజీ మూత బిగువుగా నుండవలెను.

తీరమున వండు చేపల పులుసునకు మాత్రము ఈ చిక్కులేవియు లేవు. చింతపండు పులుపును, కారమును ముక్కకు పట్టుటకు దానికి కొంత సమయము కావలెను. క్యారేజీలో ఇంటికి చేరి రాత్రి గడచినచో అది మరునాటికి మరింత రుచించును.