పల్లె అగ్నిమాపకశాలకు స్థలానుమతి

అగ్ని అనుమతి నడిగి వచ్చునది కాదు. దాని నార్పువారి శాలకు మాత్రము అనుమతి కావలయును. అమెరికా సంయుక్తరాష్ట్రముల పల్లెలయం దీ చిక్కు తరచుగ తలయెత్తుచున్నది. 1736లో ఫిలడెల్ఫియా పట్టణమున బెంజమిన్ ఫ్రాంక్లిన్ ప్రభృతులు స్థాపించిన స్వచ్ఛంద అగ్నిమాపక సంఘపు సంప్రదాయ మచట నేటికిని జీవించియున్నది. ఆ దేశపు అగ్నిమాపకులలో సగమునకు మించినవారు స్వచ్ఛందసేవకులే.

భూమిని నివాసములకు, వ్యవసాయమునకు, వ్యాపారమునకు వేరువేరుగ కేటాయించు జోనింగు నిబంధనలను అచటి సుప్రీముకోర్టు 1926లో యూక్లిడ్ గ్రామపు వ్యాజ్యెమున సమర్థించినది. ఈ నిబంధనలనుబట్టి పెక్కుచోట్ల అగ్నిమాపకశాలకు ప్రత్యేకానుమతి పొందవలయును; అందుకై బహిరంగవిచారణ జరుగును. సైరను మ్రోత నిద్రాభంగము చేయుననియు, బండ్ల రాకపోకలు హెచ్చుననియు, శాలతోపాటు విందుమందిరము వెలయుననియు ఇరుగుపొరుగువారు ఆక్షేపింతురు. ఈ యాక్షేపణలు నిరాధారములని మేము చెప్పము. మార్గము, మురుగునీరు, బావి, దీపకాంతి - వీనిని విచారించుట ధర్మమే.

అయిన నొక విషయము మరవరాదు. జీతగాండ్రు శాలలోనే కనిపెట్టుకొని యుందురు. స్వచ్ఛందసేవకులు పొలమునుండియో యింటినుండియో శాలకు వచ్చి, పిమ్మట మంటకడకు పోవలయును. దూరము రెండుమార్లు లెక్కకు వచ్చును. కావున శాలను ఇండ్లకు దూరముగ నెట్టినచో దాని ప్రయోజనమే సన్నగిల్లును. శాలకు రోడ్డుమార్గమున 5 మైళ్లకు మించియున్న యింటిని ఇన్సూరెన్సువారు సాధారణముగ రక్షణలేని తరగతిలో చేర్తురు. ఆ భారము గృహస్థునిపైననే పడును.

1988లో న్యూయార్కు రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానము ఒక విమానాశ్రయ వివాదమున, ప్రభుత్వసంస్థల కట్టడములకు జోనింగు వర్తించునా యను ప్రశ్నను ఉభయపక్షముల ప్రజాప్రయోజనములను తూచి తేల్పవలయునని చెప్పినది. అగ్నిమాపకశాలకును ఆ త్రాసే తగునని మా యభిప్రాయము. సేవకులను పేజరుద్వారా పిలువవచ్చును గనుక రాత్రివేళ సైరనుకు హద్దు విధింపవచ్చును. షరతులు పెట్టుట తగును. ఏండ్లతరబడి జాగుచేయుట తగదు.

ఇది మనకు పరదేశపు ముచ్చటగ తోచరాదు. వేసవిలో గడ్డివామి కంటుకొన్న నిప్పు పూరిండ్లకు ప్రాకుట మన రైతు లెరుగనిది కాదు. 1992 నాటి రాజ్యాంగ సవరణలవలన అగ్నిమాపక సేవ పట్టణసంస్థల 12వ షెడ్యూలున చేరినది. పంచాయతుల 11వ షెడ్యూలులోని 29 అంశములలో చేరలేదు. అయినను రోడ్డుకును నీటికిని చేరువగ కొంత స్థలమును ముందే కేటాయింపుమని గ్రామపెద్దలు పట్టుబట్టవచ్చును, భూస్వాములు దాన మీయవచ్చును. ఇల్లు కాలుచుండగ బావి త్రవ్వుట యెట్టిదో, ఊరు కాలిన పిమ్మట శాలకు స్థలము వెదకుటయు నట్టిదే.