అవ్వ ఫోను, అమ్మ అనుమతి

శెనక్కాయ పంట ఎండిన ఏడాది అనంతపురం పల్లెల్లో ఎంతోమంది తల్లిదండ్రులు బెంగళూరు బస్సెక్కుతారు. పిల్లలు అవ్వ దగ్గర ఉంటారు. ఫోనూ అవ్వదే. రేపు ఏదైనా యాప్ ‘పెద్దల అనుమతి కావాలి’ అంటే ఎవరిస్తారు?

2023 డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండనివారి వివరాలు వాడాలంటే తల్లి, తండ్రి లేదా చట్టబద్ధ సంరక్షకుల అనుమతి ఉండాలి. పెంచుతున్నంత మాత్రాన అవ్వ చట్టం లెక్కలో సంరక్షకురాలు అయిపోదు! అనుమతి ఇచ్చేది నిజంగా పెద్దవాళ్లేనా అన్నదీ కంపెనీయే సరిచూసుకోవాలి. పిల్లల విషయంలో తప్పు చేస్తే 200 కోట్ల రూపాయల దాకా జరిమానా.

అలాగని ప్రతి యాప్‌కీ ఆధార్ ఫొటో పంపాలా? అక్కర్లేదు. 2025 నవంబరులో వచ్చిన నిబంధనలు డిజిలాకర్ లాంటి చోటు నుంచి ‘టోకెన్’ ఇచ్చే దారి కూడా చూపాయి. అమలుకు అప్పటి నుంచి ఏడాదిన్నర గడువిచ్చారు. ఆ దారి బాగా పనిచేస్తే, బెంగళూరులో ఉన్న అమ్మే తన ఫోను నుంచి సరే అనొచ్చు.

ఈలోగా ఎవరైనా ఆధార్ కాపీ అడిగితే, చివరి నాలుగంకెలే కనిపించే ‘మాస్క్‌డ్ ఆధార్’ సరిపోతుందేమో అడగండి. వయసు తెలియాలంటే ‘18 నిండాయా, లేదా’ అన్న ఒక్క జవాబు చాలు. అంతకుమించి అడిగితే, ఎందుకని నిలదీయండి.