‘ఐపీ పెట్టేలా ఉన్నాడు’ అని స్టేటస్ పెడితే పరువు నష్టమేనా? కోర్టు ఆ మాటను ఎలా చదువుతుందంటే..

ఒక ఉదాహరణ అనుకుందాం. ఆదోనిలో పత్తి సీజన్. ఎవరో ఒకాయన వాట్సాప్ స్టేటస్‌లో ‘ఫలానా మిల్లు సేటు ఐపీ పెట్టేలా ఉన్నాడు.. పత్తి తోలేవాళ్లు జాగ్రత్త’ అని పెట్టాడు. అది ఎమ్మిగనూరు గ్రూపుల దాకా పాకింది. తెల్లారేసరికి రైతులు డబ్బుల కోసం మిల్లు గేటు దగ్గర నిలబడ్డారు. సేటు కోర్టుకెళ్లాడు. ‘నేను ఊరికే అన్నా, నా ఉద్దేశం అది కాదు’ అని స్టేటస్ పెట్టినాయన అంటున్నాడు. మరి ఆ మాటకు అర్థం తేల్చేదెలా?

డిక్షనరీ ఒక్కటే చాలదు. ఐపీ అంటే కంప్యూటర్ వాళ్లకు ఇంటర్నెట్ అడ్రస్. పత్తి మార్కెట్లో మాత్రం దివాలా పిటిషన్. అంటే మన డబ్బులు పోయినట్టే. ఆ మెసేజ్ అందుకున్న మామూలు మనిషికి ఏం అర్థమవుతుందన్నదే కోర్టు చూసే కొలత. ఆ మనిషి ప్రతిదానికీ అనుమానపడే రకం కాదు, మరీ అమాయకుడూ కాదు. రాసినాయన మనసులో ఏముందో, సేటు ఎంత బాధపడ్డాడో ఇక్కడ లెక్కలోకి రాదు.

అలాగని ఉద్దేశానికి విలువే లేదనుకోవద్దు. క్రిమినల్ కేసులో అర్థం తేలాక అసలు ప్రశ్న అదే. పరువు తీయాలనే రాశాడా, లేక పరువు పోతుందని తెలిసీ రాశాడా అని చూస్తారు.

2024 జూలై 1 నుంచి ఐపీసీ 499, 500 స్థానంలో భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ వచ్చింది. మనిషి పరపతిని దెబ్బతీసే మాట కూడా దీని కిందికి వస్తుంది. వెటకారంగా అన్నా తప్పించుకోలేరు. శిక్ష రెండేళ్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ, అదీ కాకపోతే సమాజ సేవ.

పైకి ఏమీ లేనట్టు కనిపించే మాటలతోనే అసలు చిక్కు. ‘సేటు బళ్లారి బస్సెక్కాడంట’ అన్నారనుకోండి. బయటివాళ్లకు అది ప్రయాణం. ఇంతకుముందు ఒక వ్యాపారి అలాగే ఉడాయించాడని తెలిసిన గ్రూపులో అది వేరే మాట. అప్పుడు ఆ లోపలి అర్థం ఏంటో సేటే కోర్టుకు చెప్పాలి. మేం అలాగే అర్థం చేసుకున్నాం అనే సాక్షులనూ తేవాలి.

హెడ్డింగ్ సంగతి? 2019 అక్టోబర్‌లో సాక్షి పత్రిక ‘చినబాబు చిరుతిండి.. 25 లక్షలండి’ అని రాసింది. దానిపై నారా లోకేశ్ విశాఖ కోర్టులో 75 కోట్లకు దావా వేశారు. ఎవరిది ఒప్పన్నది ఇక్కడ విషయం కాదు. చిరుతిండి అనే మాటలో తిట్టేమీ లేదు, దాని పక్కన లక్షలు, కింద కథనం చేరితేనే దానికో అర్థం వస్తుంది. అందుకే మొత్తం కలిపి చదవాలంటారు. 1995లో బ్రిటన్‌లో ఇద్దరు సీరియల్ నటులు ఒక పత్రిక హెడ్డింగ్, ఫొటోల మీద కేసు వేసి ఓడిపోయారు. కింద వార్తలో అసలు సంగతి స్పష్టంగా రాశారన్నదే కారణం. థంబ్‌నెయిల్ చూసి ఆగిపోయేవాళ్లకు ఇది అన్యాయంగానే అనిపిస్తుంది.

సేటు నిజంగానే బకాయిలు ఎగ్గొడుతున్నాడని రుజువు చేసి, రైతుల మేలు కోసమే చెప్పానని చూపిస్తే క్రిమినల్ చట్టంలోనే మినహాయింపు ఉంది. నిజమని నమ్మా అంటే సరిపోదు. ఫార్వర్డ్ చేసినవాళ్లకూ ఇదే రూలు.

ఇంకో సంగతి, దీనికి పోలీస్ స్టేషన్లో నేరుగా ఎఫ్‌ఐఆర్ కట్టరు. పరువు పోయిందనుకున్నవాళ్లే మేజిస్ట్రేట్ కోర్టులో ఫిర్యాదు చేయాలి, దానికి గడువు మూడేళ్లు. నష్టపరిహారం కోసం సివిల్ దావా వేయాలంటే మాత్రం ఏడాదే.