బేగంపేటలోని పాత ఆసుపత్రి చెప్పే పాఠం



చలిజ్వరం వస్తే "మన్యం నీళ్లు పడలేదు" అనుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. తప్పు నీళ్లది కాదు, దోమది. ఆ సంగతి తేలడానికి దారి చూపిన భవనం మన తెలుగు నేలమీదే ఉంది. అది హైదరాబాదులో, బేగంపేట పాత విమానాశ్రయం దగ్గర ఉన్న ఒకప్పటి సైనిక ఆసుపత్రి. తరువాతి కాలంలో అది ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి ఆధ్వర్యంలో సర్ రోనాల్డ్ రాస్ గారి పేరిట పరిశోధన సంస్థ అయింది.

అల్మోరాలో 1857లో పుట్టిన రాస్ గారు సైనిక వైద్యులు. గాలికి దోమలు ఎగిరిపోతాయని పంకా కూడా వేయించుకోకుండా, ఉక్కలో కూర్చుని ఒక్కొక్క దోమనూ కోసి సూక్ష్మదర్శినిలో చూసేవారు. ఆయన చెమటకు దాని మరలు తుప్పు పట్టాయి.

ఈ పనికి తోడ్పడినవాడు హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగి. ఒక్కో దోమకు ఒక అణా చొప్పున తీసుకుని, దోమలచేత కుట్టించుకున్నాడు. 1897 ఆగస్టు 20న, నాలుగు రోజుల ముందు అతని రక్తం తాగిన దోమ పొట్ట గోడలో రాస్ గారికి మలేరియా క్రిమి కనిపించింది. దేవునికి కృతజ్ఞతగా ఆయన ఒక పద్యం రాసుకున్నారు. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. ఏటా ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినంగా పాటిస్తున్నారు.

బహుమతి డాక్టరు గారికి దక్కింది. కానీ ఆ రోగి రక్తం ఇవ్వకపోతే ఆ రోజు ఏమి కనిపించేది?

పాడేరు, చింతపల్లి మన్యం మనకు దూరం కాదు. కాబట్టి చలితో జ్వరం వస్తే ఒక్క రోజు కూడా ఆగకుండా రక్తపరీక్ష చేయించుకోండి. వేలి నుండి తీసే ఒక్క చుక్క చాలు. గర్భిణులు, చిన్న పిల్లల విషయంలో ఆలస్యం ప్రాణాపాయం. జ్వరం తగ్గిందని మాత్రలు మధ్యలో మానవద్దు. ఒక రకం మలేరియా క్రిమి కాలేయంలో దాగి ఉండి, నెలల తరువాత కూడా తిరిగి లేస్తుంది. మలేరియా దోమ రాత్రివేళ కుడుతుంది గనుక దోమతెరలోనే పడుకోండి. ఇంటి చుట్టూ నీరు నిలవనివ్వకండి.

హైదరాబాదు వెళ్లినవారు, లోపలికి అనుమతి ఉందేమో ముందుగా కనుక్కొని, ఆ భవనం చూసి రండి. పిల్లలకు రాస్ గారి పేరుతోపాటు హుసేన్ ఖాన్ పేరు కూడా చెప్పండి.